రంగు పడుద్ది

మా మేనేజరుగారికి నల్ల అక్షరాల మీద బొత్తిగా నమ్మకం లేదు. నల్లగా రాస్తే జనం చదవరనీ, ఎర్రగా రాస్తే చదువుతారనీ, ఎరుపు వెనక పసుపు పట్టీ కూడా వేస్తే చదివి, భయపడి, ఆ ప్రకారం నడుచుకుంటారనీ ఆయన గట్టి అభిప్రాయం. ఎక్సెల్ షీట్ల మధ్య పెరిగిన మనిషి. ఆయన పంపిన షీటులో ఏ గడైనా తెల్లగా కనపడిందంటే అది రేపటికి మిగిలిన పనన్న మాట.

అలాంటాయన చేతికి వికీ ఇచ్చారు. ఆఫీసులో ఎవరికి తెలిసింది వాళ్లు అందులో రాసిపెడితే, ఉద్యోగం మానేసి వెళ్లేవాళ్లతో పాటు విషయం కూడా వెళ్లిపోకుండా ఉంటుందని పైవాళ్ల ఆశ. ఆయన ఎడిట్ నొక్కి, పైనున్న బటన్లన్నీ ఒకటికి రెండుసార్లు చూసి నన్ను పిలిచారు.

"రంగు బటనేదయ్యా?"

"లేదండి."

"లేదంటే? దాచారా?"

"అసలు పెట్టలేదండి. బోల్డ్ ఉంది, ఇటాలిక్ ఉంది, అండర్‌లైన్ ఉంది..."

"బోల్డ్ ఎవడైనా చేస్తాడు. నువ్వు ప్రోగ్రామరువే కదా, ఒకటి రాసెయ్. రంగే కదా, సాయంత్రానికి అయిపోతుంది."

మేం వాడేది డోకువికీ. ఆండ్రియాస్ గోర్ అనే జర్మన్ ప్రోగ్రామరు 2004లో మొదలుపెట్టాడు. దీనికి డేటాబేసు అక్కర్లేదు. ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. మాటకి అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు పెడితే బోల్డ్, రెండేసి స్లాషులు పెడితే ఇటాలిక్. రంగుకి మాత్రం ఏ గుర్తూ లేదు. ఇది పిసినారితనం కాదు. వికీలో రంగుకి ముందే ఒక ఉద్యోగం ఉంది. ఉన్న పేజీకి పోయే లింకు ఆకుపచ్చగా ఉంటుంది, ఇంకా ఎవరూ రాయని పేజీ లింకు ఎర్రగా ఉంటుంది. వికీపీడియాలోనైతే ఉన్నది నీలం, లేనిది ఎరుపు. ఎర్రమాట కనపడిందంటే "ఈ సంగతి ఎవరూ రాయలేదు, నువ్వు రాయి నాయనా" అని పిలుస్తున్నట్టు లెక్క. మనం చేతికొచ్చిన మాటకల్లా ఎరుపు పూస్తే చదివేవాడు దాన్ని లింకనుకుని నొక్కుతాడు. ఈ మాటే మేనేజరుగారికి విన్నవించాను.

"నొక్కనీవయ్యా," అన్నారాయన. "నొక్కాడంటే చదివినట్టేగా."

నిజానికి డోకువికీకి రంగుల ప్లగిన్, అంటే పైనుంచి తగిలించుకునే కోడు ముక్క, ఎప్పుడో ఉంది. దించుకుని పెట్టేస్తే ఆయనన్నట్టు సాయంత్రానికే అయిపోయేది. కానీ ఇంకొకరు రాసిన కోడును ఉన్నదున్నట్టు వాడుకోవడం మా వృత్తిలో నామోషీ. పైగా అందులో ఎవరికి తోచిన రంగు పేరు వాళ్లు రాసుకోవచ్చు. మా హెచ్చార్ మేడమ్ చీరల అభిరుచి ఎరిగినవాణ్ని గనక ఆ స్వేచ్ఛ ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు.

ప్లగిన్ అంటే ఒక ఫోల్డరు, అందులో ఒక పీహెచ్‌పీ ఫైలు. ఫోల్డరు పేరూ, లోపలి క్లాసు పేరూ కలవకపోతే డోకువికీ దాన్ని గుర్తుపట్టదు. కలిస్తే ముందుగా "నీ నంబరెంత?" అంటుంది. పేజీలోని అక్షరాలను ఎవరు ముందు చూడాలో ఈ నంబరు తేలుస్తుంది, చిన్న నంబరుది ముందు మాట. బోల్డ్‌ది 70, ఇటాలిక్‌ది 80, ఫుట్‌నోటుది 150, అడ్డగీతది 160. మధ్య ఖాళీల్లో ప్లగిన్లవాళ్లు ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాళ్లు విసిరినట్టు తలో నంబరూ ఆపుకుంటారు. పాత రంగుల ప్లగిన్ 158లో కూర్చుంది. నేను సర్దుకుని 159లో కూర్చున్నాను.

తర్వాత నీది ఏ రకం అని అడుగుతుంది. నాది ఫార్మాటింగ్, బతికిపోయాను. ఒక గుర్తు తీసేసి దాని చోట ఇంకోటి పెట్టే ప్లగిన్ల రకాన్ని సబ్‌స్టిట్యూషన్ అనాలి కదా? డోకువికీ కోడులో ఆ మాట మధ్యలో టి, యు అనే రెండు అక్షరాలు ఎగిరిపోయాయి. అప్పటికే ప్లగిన్లన్నీ ఆ తప్పు స్పెల్లింగే నమ్ముకున్నాయి గనక దిద్దితే అన్నీ కూలతాయి. అందుకని అందరూ శ్రద్ధగా తప్పు రాస్తారు. స్పెల్లింగు ఒప్పుగా రాసినవాడి ప్లగిన్ పనిచేయదు. ఇంగ్లిషు మీడియంలో చదివిన పిల్లలకి ఇది నమ్మించడం కష్టం.

రంగు వేయాల్సిన మాటకి అటూ ఇటూ పెట్టే గుర్తే ట్యాగు. దాన్ని తెరిచిన చోటు నుంచి రంగు మొదలు, మూసిన చోట ఆఖరు. మూసే ట్యాగు పేజీలో ముందెక్కడా లేకపోతే రంగు మొదలే కాకుండా, ట్యాగును వెతికే ప్యాటర్న్‌లోనే కాపలా పెట్టొచ్చు. పెట్టాను. కానీ మనుషులు మొదటిది మూయడం మరిచి, నాలుగు పేరాల కింద రెండోది తెరిచి దాన్ని మాత్రం మూస్తారు. కాపలావాడు మూత ఉందని లోపలికి వదుల్తాడు. ఇక ఆ ఎరుపు క్యాంటీన్ వేళల మీదుగా, సెలవుల జాబితా మీదుగా దిగువకి పారుతుంది.

ఇంకో తమాషా కాష్. డోకువికీ ఒకసారి చదివిన పేజీని అర్థం చేసుకుని ఆ అర్థాన్ని దాచిపెట్టుకుంటుంది, మళ్లీ మళ్లీ చదవదు. మనం కోడులో ఎరుపు తీసి నీలం పెట్టినా పేజీ ఎర్రగానే నవ్వుతూ ఉంటుంది. కాన్ఫిగరేషన్ ఫైలును ఊరికే ఒకసారి సేవ్ చేస్తే పాత జ్ఞాపకాలన్నీ చెల్లిపోతాయి. మా మేనేజరుగారికి అలాంటి ఫైలు ఎక్కడుందో తెలిస్తే బాగుండును.

ఇక రంగు పేర్లు. వెబ్‌లో రంగులు 1,67,77,216. ఇంగ్లిషులో పేర్లున్నవి నూట నలభై చిల్లర. చాలావరకు 1980ల నాటి ఎక్స్ విండో సిస్టమ్ నుంచి వచ్చినవి. పెట్టిన పుణ్యాత్ములు ఆకలి మీదున్నట్టున్నారు. టమాటా ఉంది, గోధుమ ఉంది, చాక్లెట్ ఉంది, సాల్మన్ చేప ఉంది, మొక్కజొన్న పీచు కూడా ఉంది. వంకాయ లేదు. ఉల్లిపొర లేదు, నెమలికంఠం లేదు, మెంతిరంగు లేదు. మేడమ్ మొహం చిన్నబుచ్చుకున్నారు. ఇంకా ఘోరం, ఇందులో ముదురు బూడిదరంగు మామూలు బూడిదరంగు కంటే లేతగా ఉంటుంది. రెండూ వేర్వేరు జాబితాల్లోంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టాయి, ఎవరూ సర్దిచెప్పలేదు.

రంగు పేరును హెచ్‌టీఎమ్‌ఎల్‌లో పాత ఫాంట్ ట్యాగులో పెట్టాలా, స్టైల్‌లో పెట్టాలా అన్నది తేల్చుకోవడానికి మా టెస్టింగు కుర్రాణ్ని పిలిచాను. వాడు ఫాంట్ ట్యాగులో ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాశాడు: ఇ, ఆర్, యు, పి, యు. అక్షరాలు ఎర్రగా వచ్చాయి!

"సార్, బ్రౌజరుకి తెలుగొచ్చు!" అని వాడు ఫ్లోరంతా చాటాడు. జనం మూగారు. నలుపు అని కొట్టాడు, నల్లగా వచ్చింది. చప్పట్లు. తెలుపు అని కొట్టాడు, అదీ నల్లగానే వచ్చింది. ఆకుపచ్చ అని ఎ, ఎ, కె, యు, పి, ఎ, సి, హెచ్, ఎ కొడితే ఊదా వచ్చింది. కావి అని ఎ రెండుసార్లు కలిపి కొడితే పచ్చగా వచ్చింది. ఎన్నికల రోజులు, ఆ సంగతి ఫ్లోరు దాటనివ్వద్దని చెప్పాను.

కిటుకు ఏమిటంటే, ఫాంట్ ట్యాగులో తెలియని పేరు రాసినా బ్రౌజరు కాదనకూడదని నియమం. రంగు అంకెల్లో చెల్లేవి సున్న నుంచి తొమ్మిది, ఎ నుంచి ఎఫ్. తక్కిన ప్రతి అక్షరాన్నీ సున్నా చేసి, మొత్తం మూడుతో తెగకపోతే చివర సున్నాలు అతికి, మూడు ముక్కలు చేసి ఎరుపింత, ఆకుపచ్చింత, నీలమింత అని పంచుతుంది. ఎరుపులోని ఇ అదృష్టవశాత్తూ మొదట ఉంది గనక ఎరుపు ముక్కలోనే పడింది. అదే తెలుగు లిపిలో రాస్తే అన్నీ సున్నాలే. పసుపన్నా, గులాబీ అన్నా, తెలుపన్నా కటిక నలుపు. స్టైల్‌లోనైతే తెలియని పేరును పట్టించుకోకుండా వదిలేస్తుంది. నేను స్టైలే ఎంచుకున్నాను. రంగు పేరు చోట ఎవరైనా కొంటె కోడు దూర్చకుండా నా జాబితాలో లేని మాటను లోపలికి రానివ్వలేదు. దాని గురించి ఇంతకంటే చెబితే మీకు నిద్రొస్తుంది.

ఈలోగా కబురు అమెరికా దాకా పాకింది. అక్కడ మా పిన్ని కూతురు శనాదివారాలు పిల్లలకి తెలుగు చెబుతుంది. "అన్నయ్యా, అక్షరం నల్లగా, ఒత్తు ఎర్రగా రావాలి. పిల్లలకి ఒత్తు కనపడట్లేదు," అంది. అడిగినవాళ్లందరిలోకీ న్యాయమైన కోరిక ఇదొక్కటే. కానీ యూనికోడ్‌లో ఒత్తనేది విడిగా లేదు. పొల్లుగుర్తు, దాని వెనక మామూలు హల్లు, అంతే. "స్త్రీ" అని మనం ఒక్క అక్షరం రాస్తే లోపల ఆరు సంకేతాలు. ఆ ఆరూ కలిసి ఉంటేనే ఫాంటు వాటిని ఒక్క రూపంగా పోతపోస్తుంది. మధ్యలో రంగు ట్యాగు దూర్చితే ఒక్కో బ్రౌజరు ఒక్కోలా విసుక్కుంటుంది. పొల్లు విడిపోవచ్చు, గుణింతం కింద చుక్కల సున్న ప్రత్యక్షం కావచ్చు, రంగు అసలు పట్టకపోనూవచ్చు. ఎర్ర "క్క" రాసి దాని నెత్తిన నల్ల "క" సరిగ్గా అద్దితే పని జరుగుతుందని ఉపాయం చెప్పాను.

"గుణింతం మొత్తానికీ అలాగే అద్దాలా?"

"అద్దాలమ్మా."

"వద్దులే అన్నయ్యా, రంగు సుద్దలు కొనుక్కుంటాను," అంది.

ఇక ఎరుపు. తెల్ల పేజీ మీద అక్షరాలు అందరికీ ఆనాలంటే రెంటి మధ్య వెలుగు తేడా 4.5కి ఒకటి ఉండాలని వెబ్ ప్రమాణం. అచ్చమైన ఎరుపుకి నాలుగే వస్తుంది. పసుపుకి ఒకటి దాటి పిసరంత. అందుకని నా ప్లగిన్‌లో ఎరుపును కాస్త ముదురు చేసి, పసుపు అక్షరాలను తీసేశాను. మేనేజరుగారు అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, "ఇది ఎరుపు కాదయ్యా, మిరపకాయ వేపుడు మాడింది" అన్నారు. తర్వాత ఆ పేజీ ప్రింటు తీశారు. ప్రింటరు నలుపు-తెలుపుది. ఆయన ఎరుపంతా బూడిదైంది. ఆ రోజు ఆయనతో ఎవరూ సెలవు సంగతి ఎత్తలేదు.

అయినా ప్లగిన్ హిట్టయింది. రంగు పడని పేజీ మిగల్లేదు. తర్వాత మేనేజరుగారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినావిడ నాలుగు పేజీలు చదివి, కళ్లు నులుముకుని, ఈ ప్లగిన్ తీసేయమన్నారు. అది కుదరదు. రంగు ఉన్నది ప్లగిన్‌లో కాదు, పేజీల ఫైళ్లలో. ప్లగిన్ తీసిన మరుక్షణం మూతలు పడ్డవీ పడనివీ ట్యాగులన్నీ ప్రతి పేజీలోనూ బయటికి వచ్చి నిలబడతాయి. వాటిని ఏరడానికి ఒక మనిషిని పెట్టాలి. బడ్జెట్టు లేదు. అందుకని ప్లగిన్ అలాగే ఉంది. పీహెచ్‌పీ కొత్త వెర్షన్ వచ్చి అది మొరాయించినప్పుడల్లా నన్నే పిలుస్తారు. మీ ఆఫీసు వికీకి కూడా రంగులు కావాలంటే పాత ప్లగినే దించుకోండి. నాది మాత్రం అడక్కండి.