మెచ్చుకుని మరీ దాటేశారు

నన్ను దాటిపోయిన ప్రతివాడూ నన్ను మెచ్చుకునే పోయాడు. పందెం అయిపోయి వారం దాటింది. పిక్కల నొప్పులు తగ్గాయి, మోచేతి మీద చెక్కుకుపోయిన చోట పక్కు కట్టింది, ఈ మంట మాత్రం చల్లారడం లేదు. వెనకనుంచి "ఆన్ యువర్ లెఫ్ట్!" అని ఒక కేక వినపడుతుంది. పక్కనుంచి రివ్వుమని గాలి. ఆ గాలిలోంచి "గుడ్ జాబ్, మ్యాన్!" అని ఆశీర్వచనం. ఎవరా మహానుభావుడని తలెత్తేసరికి కనపడేది వీపే. జవాబు చెబుదామని నోరు తెరిస్తే లోపలికి పోయేది వాడు లేపిన దుమ్మే.

ఏం జాబండీ నేను చేసింది? ఉన్నవాటిలో తేలికైన గేరు వేసుకుని, నాలుక బయటపెట్టి, సైకిలు పడిపోకుండా ఉండటానికి ఎంత వేగం కావాలో దానికి వీసమెత్తు ఎక్కువ వేగంతో పోతున్నాను. చూస్తే తెలియదా? తెలుస్తుంది. తెలిసే అంటారు. అదే నా బాధ.

పందెం పేరు '24 అవర్స్ ఇన్ ది ఓల్డ్ ప్వెబ్లో'. అరిజోనాలో టూసాన్‌కి ఉత్తరాన, ఒరాకిల్ అనే ఊరి దగ్గరి ఎడారిలో ఫిబ్రవరిలో జరుగుతుంది. శనివారం మిట్టమధ్యాహ్నం మొదలైతే ఆదివారం మిట్టమధ్యాహ్నం దాకా మౌంటెన్ బైకులు తిరుగుతూనే ఉండాలి. చుట్టు సుమారు 16 మైళ్లు, అంటే మన లెక్కలో దాదాపు 26 కిలోమీటర్లు. నలుగురు జట్టయితే వంతులవారీగా తొక్కాలి. చుట్టు పూర్తిచేసి వచ్చినవాడు డేరాలో కాచుక్కూర్చున్నవాడి చేతిలో బ్యాటన్ పెడితే వాడు బయలుదేరాలి. జట్టూ గిట్టూ లేకుండా ఇరవై నాలుగు గంటలూ ఒక్కరే తొక్కే సోలో రైడర్లు కూడా ఉంటారు. వాళ్ల ఇళ్లల్లో ఏం గొడవలో మనకెందుకు.

ఈ పిచ్చికి ఒక వంశవృక్షం ఉంది. ఫ్రాన్సులో లె మాన్స్ అనే ఊళ్లో 1923 నుంచి కార్లను రోజంతా తిప్పుతున్నారు. కార్లకు కీళ్లనొప్పులుండవు కనక ఎవరూ అడ్డు చెప్పలేదు. 1992లో వెస్ట్ వర్జీనియాలో లేర్డ్ నైట్ అనే ఆయన అదే పని కొండల్లో సైకిళ్లతో చేయించాడు. జనం మానేస్తారనుకుంటే ఎగబడ్డారు. వెనకటికి లె మాన్స్‌లో డ్రైవర్లు రోడ్డుకు అడ్డంగా పరిగెత్తి కార్లెక్కేవాళ్లు. ఆ ముచ్చట కూడా ఎందుకు వదలాలని, ఇక్కడ మొదటి చుట్టువాళ్లను అడుగున ఇనప బిళ్లలున్న బూట్లతో సైకిళ్ల దాకా పరిగెత్తిస్తారు.

మా జట్టులో మిగతా ముగ్గురూ పాతకాపులు. నాలుగో ఆయనకు మోకాలి ఆపరేషన్ అయ్యేసరికి ఆఫీసులో వీళ్ల కన్ను నా మీద పడింది. చాండ్లర్‌లో మా ఇంటి వెనక కాలవగట్టు మీద ఆదివారాలు నేను సైకిలు తొక్కడం ఎవరో చూశారు. "ఊరికే సరదాకి. ప్రెషర్ ఏమీ లేదు," అన్నారు. సరదా అన్నవాళ్లు ఎక్సెల్ షీటు తెరిచి ఒక్కొక్కరి చుట్టుకూ నిమిషాల లెక్క ఎందుకు కట్టారో, నా పేరు పక్క గడిలో ప్రశ్నార్థకం ఎందుకు పెట్టారో ఇప్పటికీ చెప్పలేదు.

ఆ వెనకే సామాన్ల జాబితా వచ్చింది. హెల్మెట్‌కొక లైటు, హ్యాండిల్‌కొక లైటు, స్పేర్ ట్యూబు, చలికోటు. టైర్లలో సీలెంట్ పోయించుకోమన్నారు, గోట్‌హెడ్ అనే ముల్లు పొంచి ఉంటుందట. తీరా చూస్తే అది మన పల్లేరుకాయ! సముద్రం దాటొచ్చి అమెరికాలో స్థిరపడింది, నాలాగే. వీళ్ల నాగజెముడు మన పొలంగట్ల మీదికి వచ్చింది, మన పల్లేరు వీళ్ల టైర్లలోకి వచ్చింది. చెల్లుకు చెల్లు. సరే, అంతవరకూ బాగానే ఉంది. జాబితా ఆఖరి వరసలో ఉంది అసలు వస్తువు: దువ్వెన.

నాకు జుట్టు లేదు. పల్చబడిందనీ, ముందువైపే పోయిందనీ మొహమాటపు మాటలక్కర్లేదు. లేదంటే లేదు. ఒకప్పుడుండేది. గుంటూరులో చదువుకునే రోజుల్లో ప్యాంటు వెనక జేబులోంచి దువ్వెన సగం బయటికి కనపడేలా పెట్టుకుని తిరిగిన మనిషినే. ఎవరి స్కూటరు నిలిపి ఉన్నా దాని అద్దం ముందు వంగి ఒక దువ్వు దువ్వందే ముందుకు కదిలేవాణ్ణి కాదు. వీసా స్టాంపింగుకి ఒక గుప్పెడు పోయింది. గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డ ఏళ్లలో మిగతాది పోయింది. ఆ వరస కదిలింది తక్కువ, నా జుట్టు కదిలింది ఎక్కువ. ఆఖరి దువ్వెన ఎప్పుడు పారేశానో కూడా గుర్తులేదు.

మా ఆవిణ్ణి అడిగాను. "ఏమోయ్, పాత దువ్వెన ఏదన్నా ఉంటే ఇస్తావా?"

చేతిలో గరిటె కింద పెట్టింది. "ఎవరికండీ?"

"నాకే. సైకిలు పందేనికి."

నా తలకేసి చూసింది. తర్వాత మొహంకేసి చూసింది. "పందేనికి ఆడవాళ్లు కూడా వస్తారా?" అంది.

మా అమ్మాయి తన బ్రష్షు ఇవ్వనంది. ఇస్తే ఏం అరిగిపోతుందో, దానికేం అంటుకుంటుందో నాకర్థం కాలేదు. ఇక లాభంలేదని ఇండియన్ స్టోరుకు పోయాను. కౌంటర్లో ఉన్నాయన మనవాడే. "పేల దువ్వెనా సార్, మామూలుదా?" అన్నాడు. పళ్లు ఎడంగా ఉండాలన్నాను. "మేడమ్‌కా?" అన్నాడు. నాకేనన్నాను. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. డబ్బాలోంచి దువ్వెనలన్నీ తీసి, ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూసి ఇచ్చినవన్నీ చిక్కటి పళ్లవే. చివరికి వేరే పెద్ద దుకాణంలో ఎర్రటిది ఒకటి దొరికింది. బిల్లు కొట్టే కుర్రాడు దువ్వెన చూశాడు, నా గుండు చూశాడు, "గుడ్ ఫర్ యూ, సర్!" అన్నాడు. మెచ్చుకోళ్లు అక్కడ మొదలయ్యాయి.

ఇంతకీ దువ్వెన తలకు కాదు. చోయా అని జెముడుజాతి మొక్క ఒకటుంది. దూరం నుంచి చూస్తే బూరుగుదూది అద్దినట్టు మెత్తగా కనపడుతుంది. పక్కనుంచి పోతూ రాసుకుంటే చాలు, కణుపు కణుపే ఊడొచ్చి ఒంటికి పట్టుకుంటుంది. ముళ్ల కొసలకు కొక్కేల్లాంటివి ఉంటాయి కనక లోపలికి పోయినంత సులువుగా బయటికి రావు. చేత్తో పీకితే చేతికి పట్టుకుంటుంది. చేతిని ఇంకో చేత్తో విడిపిస్తే రెండో చెయ్యీ పోతుంది. దువ్వెన పళ్లు దాని కిందికి దూర్చి ఎగజిమ్మడం ఒక్కటే మార్గం. బోడిగుండుకీ మోకాలికీ ముడి అంటే తెలివితక్కువ మాటనుకునేవాణ్ణి. ముడివేసే వస్తువు కూడా ఉందని నాకెవరూ చెప్పలేదు.

పగటి చుట్టులో నన్ను దాటనివి సగువారో చెట్లు మాత్రమే. ఈ సోనోరా ఎడారి జెముళ్లకు నూటయాభై ఏళ్ల ఆయుష్షుంటుంది, వాటికి తొందరేముంది. మిగతా అందరూ దాటారు. గేర్లే లేని సింగిల్‌స్పీడ్ సైకిళ్ల వాళ్లు దాటారు. కోడి వేషం వేసుకున్న ఒకాయన దాటాడు, తోక నా మొహానికి తగిలింది. మా అమ్మాయి ఈడు పిల్ల దాటింది. మా పెద్దమ్మ ఈడు ఆవిడ దాటుతూ, "యూ ఆర్ డూయింగ్ అమేజింగ్, హనీ!" అంది. చుట్టు చివర్లో నిటారుగా ఒక రాతి దిగుడుంటుంది. దాని కింద జనం బీరు డబ్బాలతో కూర్చుని ఎవరెలా పడతారా అని చూస్తుంటారు. భయపడేవాళ్లకు పక్కనుంచి తేలిక దారి ఉంది. నేను ఆ దారిన దిగాను. దానికీ చప్పట్లు కొట్టారు.

అదే మన ఊళ్లోనైతేనా? "ఏం బాబాయ్, నిద్రొస్తోందా, పక్కకి జరుగు!" అని ఒక్కటి తగిలించి పోతారు. తిట్టు ఒకసారి గుచ్చుకుని ఊరుకుంటుంది. పైగా తిరిగి తిట్టే సదుపాయం ఉంటుంది. మెచ్చుకున్నవాణ్ణి ఏమనగలం? థాంక్యూ అనాలి. ఓడించడమే కాకుండా నాచేత థాంక్యూ కూడా చెప్పించుకుని పోతే ఎలా? ఆఫీసులోనూ ఇదే వరస. "గ్రేట్ జాబ్" అని పొద్దున మెయిలొస్తే నా గుండె జారిపోతుంది. అలాంటి మెయిలు అందుకున్న నెల తిరక్కుండానే అట్టపెట్టెలో సామాను సర్దుకున్నవాళ్లను చూశాను. ఇక్కడ మీ పని బాగోలేదని మొహం మీద చెప్పారంటే మీరింకా కొన్నాళ్లు ఉంటారన్నమాట.

రాత్రి చుట్టులో మాత్రం నా మొర ఆలకించినవాడు ఒకడొచ్చాడు. చీకటి, చలికి వేళ్లు బిగుసుకుపోయి బ్రేకు ఎక్కడుందో తెలియడం లేదు, లైటు పడ్డంత మేరే లోకం. వెనకనుంచి ఒక గొంతు, "కమాన్, మూవ్!" అని, దానికి ముందూ వెనకా ఇక్కడ రాయడానికి వీల్లేని మాటలు చేర్చి, గట్టిగా కసిరింది. ప్రాణం లేచొచ్చిందంటే నమ్మండి. ఒక్కడు, ఒకే ఒక్కడు, నన్ను అడ్డు అనుకున్నాడు! నావల్ల వాడికి కొన్ని సెకన్లు పోతాయన్నాడు! ఆ సంబరంలో అవసరానికి మించి పక్కకు జరిగి దారిచ్చాను. అక్కడ చోయా ఉంది.

ఇసకలో కూర్చుని హెల్మెట్ లైటు మోకాలి మీద పడేలా తల వంచి దువ్వెన తీశాను. దాటిపోయేవాళ్లు వేగం తగ్గించి "యూ ఓకే?" అని అడిగి, నేను బాగానే ఉన్నానంటే, "గుడ్ జాబ్!" అని పోతున్నారు.

అక్కడెందుకో మా నాన్న గుర్తొచ్చాడు. లెక్కల్లో తొంభై రెండొస్తే "ఆ ఎనిమిదీ ఎవరికి దానం చేశావు?" అన్న మనిషి. నా పెళ్లినాడు పీటల మీద కూడా పంచె కట్టు సరిగ్గా లేదని విసుక్కున్నాడు. ఆఖరి రోజుల్లో ఫోను చేస్తే అంతా మెచ్చుకోలే. ఉద్యోగం మారానన్నా "మంచిపని చేశావు నాన్నా" అనేవాడు. ఇల్లు అమ్మేశానన్నా అదే మాట. ఈ ఏడాది కూడా రాలేకపోతున్నానన్నా అదే మాట. ఇన్నాళ్లకు నా మీద గురి కుదిరిందని మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను. అప్పటికే ఆయన నన్ను దాటి చాలా దూరం వెళ్లిపోయాడేమో.

ముళ్లు చాలావరకు వచ్చాయి. ఒకటి మిగిలిపోతే ఇంటికొచ్చాక మా ఆవిడ పట్టకారుతో తీసింది, తిడుతూనే.

తెల్లవారుజామున మళ్లీ నా వంతొచ్చింది. అప్పుడు జరిగింది చెప్పకపోతే అన్యాయమవుతుంది: నేనొకణ్ణి దాటాను. నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్కడే తొక్కుతున్న సోలో రైడరు. దాటినప్పుడు ఆయన సైకిలు పక్కన పడేసి రాయి మీద కూర్చుని ఉడికించిన బంగాళదుంప తింటున్న మాట నిజమే. కూర్చున్నవాణ్ణి దాటినా దాటినట్టేనని నా వాదన. ఏమీ అనకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను కనక నోరు మూసుకుని పోతున్నాను. వెనకనుంచి దుంప నమలుతున్న నోటితో వినపడింది: "గుడ్ జాబ్, మ్యాన్!"

దాటించుకున్నా ఊరుకోరన్నమాట! సైకిలు దిగి వెనక్కి నడిచాను. నాలుగు మాటలు అడిగేద్దామనే వెళ్లాను. ఆయన మొహమంతా దుమ్ము, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. సంచిలోంచి ఇంకో దుంప తీసి చెయ్యి చాపాడు. ఉప్పు చల్లి ఉంది. ఎక్సెల్ షీటువాళ్లు డేరాలో బ్యాటన్ కోసం చలికి గంతులేస్తుంటారని తెలుసు. అయినా వేడి దుంప వేడి దుంపే. రాయి మీద ఆయన పక్కనే చతికిలబడ్డాను. ఇద్దరం మాటామంతీ లేకుండా తింటుంటే మలుపులోంచి ఒక కుర్రాడు దూసుకొచ్చాడు. మా ఇద్దర్నీ, మా చేతుల్లో దుంపల్నీ చూశాడు.

"గుడ్ జాబ్, గైస్!" అని అరిచి వెళ్లిపోయాడు.