బోరు మాటలో నీళ్లు లేవు

బోరు అనే ఇంగ్లీషు మాటలో నీళ్లు లేవు. పాత ఇంగ్లీషులో బోరియన్ అంటే తొలచడం, చిల్లు పెట్టడం. లాటిన్‌లో ఫొరారే దానికి దగ్గరి చుట్టం. పర్ఫొరేషన్ అందులోంచే వచ్చింది. కొయ్యకు వేసే బెజ్జం, తుపాకి గొట్టం లోపలి బోలు, అన్నీ బోరే. పన్నెండు బోరు తుపాకి అంటే, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌండు తూగుతాయని. విసుగు అనే అర్థం 1760ల నాటి ఉత్తరాల్లో కనబడుతుంది. అది తొలచడం నుంచే వచ్చిందో, మరెక్కడిదో నిఘంటుకారులు ఇంకా తేల్చలేదు. సముద్రపు పోటుకు హుగ్లీ నదిలో గోడలా ఎగదన్నుకొచ్చే అలనూ బోరే అంటారు గానీ, ఆ మాట పుట్టుక వేరు.

ఇదంతా నేను కాలేజీలో పిల్లలకు చెప్పినవాణ్ణే. చెప్పి ఇంటికొచ్చి, మా చీనీ తోటలో మాత్రం బోరంటే నీళ్లేనని నమ్మాను. అనంతపురం పల్లెల్లో 'వాళ్లకు బోరుంది' అంటే వాళ్లకు నీళ్లున్నాయనే లెక్క. ఎండుతున్న చెట్ల మధ్య నిలబడినప్పుడు నా చెవికీ ఆ అర్థమే వినిపించింది.

మాది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. పైన పలచని ఎర్రమట్టి, కింద గట్టి బండ. ఆ బండలో నీళ్లుండేది పగుళ్లలోనే. పగులు తగిలితే పడతాయి, తప్పితే లేదు. పక్క తోటలో రెండంగుళాల నీళ్లు పడినా మన చేనులో చుక్క రాకపోవడం అందుకే. ఇదీ నాకు తెలుసు. అయినా అరచేతిలో పడుకోబెట్టిన టెంకాయ నిటారుగా లేచిన చోటల్లా పాయింటు పెట్టించాను.

'చెరువుకు నీళ్లు రాని ఊర్లో బోరుకు యాడనుంచి వస్తాయిరా?' అన్నాడు మా నాయన. ఆయన కపిల తోలినవాడు. చెరువు నిండిన ఏడు బావిలో ఊట పెరగడం కళ్లారా చూసినవాడు. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్టించిన చెరువును ఆనుకుని పెరిగిన ఊరు అనంతపురం. ఆ చెరువు కథ పిల్లలకు గర్వంగా చెప్పేవాణ్ణి. నాయన మాట మాత్రం పాతకాలపు చాదస్తమనుకున్నాను.

తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు బండి రాత్రంతా ఆడింది. తెల్లటి బండపొడి చీనీ ఆకుల మీద, మా అమ్మ తల మీద పేరుకుంది. బండి మేస్త్రీ ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూస్తాడు, తడి తగలదు. లోతు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. 'ఇంకో రెండు పైపులు దించండి' అన్నది నేనే. తెల్లారి బండి వెళ్లిపోయాక నా భార్య బోరుమని ఏడ్చింది. కుదువపెట్టినవి ఆమె గాజులు. ఆ తర్వాత కూడా నేను ఆపలేదు. ఒకటి పోతే ఆ అప్పు తీర్చడానికే ఇంకొకటి వేయాలనిపించేది. చివరికి సగం చేను అమ్మాను. చెట్లూ దక్కలేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. నీళ్లు పడని బోర్ల మీద ఒక్కో బండరాయి కప్పి వదిలేశాను. కేసింగు పైపులు కూడా పీకి అమ్ముకున్నాను. వదిలేసిన బోర్లను మట్టి, ఇసుక, రాళ్లతో నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఏదో ఊళ్లో బోరుగుంతలో పడిన బిడ్డను టీవీలో చూసిన రోజు గానీ, నేను తవ్వించింది ఏమిటో నాకు అర్థం కాలేదు.

మరునాడే మనుషుల్ని పెట్టి పూడ్పించాను. ఒకటి మాత్రం దొరకలేదు. వంక పక్కన కంపచెట్లలో ఉండాలి. పైన పెట్టిన రాయి ఎవరో తీసుకుపోయినట్టున్నారు. గొర్రెలు తోలుకొచ్చే పిల్లలకు అటు పోవద్దని చెప్పాను. ఆ చోటు ఇప్పుడు కొన్నవాళ్లది. వాళ్లకూ చెప్పి, కంప కొట్టించి వెతుకుతున్నాను.