గీతను నమ్మువాడు: సటీకా తాత్పర్యము

ఆ. వెనుక చక్రమునకు వేరుగా ముందుది
పోవునేని బండి పుంతఁ బట్టు
దారమొకటి కట్టి తరచి చూడకమున్నె
గీత నమ్మువాడు గెలువలేడు

టీక: వెనుక చక్రమునకు = గొలుసు లాగెడు చక్రానికి; ముందుది = హ్యాండిల్ మాట వినవలసినది; వేరుగా పోవునేని = తన దారి తాను చూసుకొన్నచో; బండి = పాలబండి కాదు, 499 సీసీల మాంక్స్ నార్టన్ అని గ్రహించునది; పుంతఁ బట్టు = డొంకలోకి దిగును (ఐల్ ఆఫ్ మాన్‌లో 60 కిలోమీటర్లకు పైబడిన టీటీ రేసు చుట్టు ఊళ్ల గోడలను రాసుకుంటూ పోతుంది గనుక, పుంత దొరకడమే అదృష్టం); తరచి = నేలమీద చతికిలబడి; గీత = వెనుక చక్రాన్ని మోసే స్వింగార్మ్ మీద గొలుసు బిగింపు దగ్గరుండే గుర్తు; గెలువలేడు = స్పష్టము.

తాత్పర్యము: పాత రేసు బండికి రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నవో లేదో దారంతో కొలవాలి గాని గుర్తులు చూసి బిగించరాదు.

విశేషములు: బెల్‌ఫాస్ట్ వాసి రెక్స్ మెక్‌కాండ్లెస్ రూపొందించిన ఈ నార్టన్ ఫ్రేమ్ మీదనే 1950లో రేసరు జెఫ్ డ్యూక్ సీనియర్ టీటీ గెలిచాడు. ఆ ఫ్రేమ్‌కు ‘ఫెదర్‌బెడ్’ అని పేరు. ఈకల పరుపైనా కుక్కిమంచం మీద వేస్తే నడుం పట్టేస్తుందని కవి హృదయం.

“దారమొకటి” అన్నాడు గాని కట్టే విధం చెప్పలేదు. కవులకిది అలవాటే. బండిని నిటారుగా నిలిపి, దారాన్ని వెనుక టైరు వెనక నుంచి తిప్పి, ఇరుసు కంటే కిందుగా రెండు పక్కలా ముందుకు లాగాలి. పొగగొట్టానికీ, ఫుట్‌రెస్టుకూ తగలరాదు. వెనుక టైరు ముందంచునూ వెనకంచునూ దారం సుతారంగా తాకుతూ ఉండాలి. ముందు టైరును మాత్రం తాకకూడదు. వెనుకది మూడున్నర అంగుళాలు, ముందుది మూడు అయితే పక్కకు పావు అంగుళం చొప్పున సందు మిగలాలి. ఆ సందు రెండు పక్కలా సమానంగా ఉంటే సంతోషం.

లేకుంటే? ఇక్కడే పండితులకు పేచీ. “ఇరుసు జరిపితే సరి” అని పూర్వపక్షం. అది చాలదు. ఇరుసు జరిపి దారాన్ని మెప్పిస్తే గొలుసు స్ప్రాకెట్ మీద ఏటవాలుగా నడిచి పళ్లు తినేస్తుంది. కనుక ముందు స్వింగార్మ్ కీలు నుంచి ఇరుసు మధ్యకు రెండు వైపులా కొలిచి సమం చేయాలి. అప్పటికీ సందు తేడాగా ఉంటే, స్పోకులు బిగించినవాడు రిమ్మును హబ్బుకు ఒక పక్కగా లాగాడేమో చూడాలి. ఇదే తరచుగా దొరికే దొంగ, తరచుగా తప్పించుకునేవాడు కూడా. అదీ సరిగ్గా ఉంటే ఫోర్కుల మీద అద్దం పలక ఆనించాలి. పలక ఊగిందా, ఫోర్కులను పట్టి ఉంచే యోక్ మెలిపడినట్టే. బోల్టులు వదులు చేస్తే చాలాసార్లు దారికొస్తుంది. ఆఖరున మిగిలేది ఫ్రేమ్ మెడ. ఎప్పుడో పడ్డ బండికి అది వంగి ఉంటే దారం చేయగలిగిందేమీ లేదు, ఫ్రేమును సరిచేసే జిగ్ మీదికి ఎక్కించవలసిందే.

ఇంకొకటి. దారం పక్కచూపునే పట్టిస్తుంది. ఒక చక్రం నిటారుగా, మరొకటి ఒరిగి ఉన్నా నేల దగ్గర వరస తిన్నగానే కనిపించవచ్చు. అందుకు రిమ్ము పక్కన తూకపు గుండు వేలాడదీయాలి. కవి ఈ సంగతి వదిలేశాడు. ఛందస్సులో పట్టలేదని సమర్థించేవారున్నారు గాని, నేను ఒప్పుకోను.

పాఠకులకు మనవి: ఇరుసు నట్టు పూర్తిగా బిగించాక మళ్లీ దారం కట్టండి. బిగించేటప్పుడే చక్రం జరుగుతుంది.