కోటి రూపాయల వివేకం

మన దేశంలో వివేకానికి ఒక ధర ఉంది. ఆ ధరల పట్టికను మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఎప్పటికప్పుడు సవరిస్తుంటుంది. ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్‌లో చేరాలంటే కనీసం కోటి రూపాయల వివేకం కావాలి. పోర్ట్‌ఫోలియో మేనేజర్ చేతికి డబ్బు అప్పగించడానికి 50 లక్షల వివేకం చాలు. ఒకప్పుడు 25 లక్షలకే దొరికేది, ఏ ధరలు పెరగలేదు గనక! 2025 ఏప్రిల్ నుంచి మధ్యస్థంగా ఉన్నవాళ్ల కోసం స్పెషలైజ్డ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ పేరుతో 10 లక్షల మెట్టు కూడా కట్టారు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎకరం అమ్ముకున్న రైతు పొద్దున రిజిస్ట్రేషన్ ఆఫీసుకు బయల్దేరేటప్పుడు అమాయకుడు, సెబీ కాపాడాల్సినవాడు. సాయంత్రానికి ఖాతాలో డబ్బు పడగానే ప్రైవేట్ క్రెడిట్ లోతుపాతులు ఎరిగిన ఘనుడు. ముప్పయ్యేళ్లు ఫైనాన్స్ పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరర్ దగ్గర 90 లక్షలే ఉంటే మాత్రం ఆయనింకా పసివాడే. అన్నట్టు, ఆ కోటి రూపాయల ఫండ్‌లోనే ఉద్యోగం చేసేవారికి 25 లక్షలు చాలని నిబంధనల్లో మినహాయింపు ఉంది. అంటే లోపలి సంగతులు తెలిసి ఉండటం విలువ సరిగ్గా 75 లక్షలని సెబీయే లెక్క కట్టిందన్నమాట.

ఆంక్షలే వద్దని కాదు. ఏళ్ల తరబడి డబ్బు వెనక్కి తీసుకోవడానికి వీల్లేని ఫండ్లకు తలుపు ఉండాల్సిందే. తగువంతా ఆ తలుపు దగ్గర ఏం అడుగుతున్నారన్న దాని మీదే. డబ్బున్నవాడు మోసపోడనే నమ్మకం మీద ఈ ఏర్పాటంతా నిలబడి ఉంది. ఆ నమ్మకం ఎంత గట్టిదో బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగల యెస్ బ్యాంక్ ఏటీ1 బాండ్ల దగ్గర తేలిపోయింది. 2020 మార్చిలో 8,415 కోట్ల విలువైన బాండ్లు ఒక్క కలంపోటుతో సున్నా అయ్యాయి. వాటిని ‘సూపర్ ఎఫ్‌డీ’ అంటూ సొంత ఖాతాదారులకే అంటగట్టారని, 277 మంది తమ ఎఫ్‌డీలను గడువుకు ముందే రద్దు చేసుకుని 80 కోట్లు వీటిలో పెట్టారని సెబీ 2021 నాటి ఉత్తర్వులో రాసింది. (బాండ్ల రద్దు చెల్లదని 2023లో బొంబాయి హైకోర్టు అంది. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది.) ఒక్కో బాండు ముఖవిలువే 10 లక్షలు కాబట్టి కొన్నవాళ్లు చేతిలో చిల్లరతో వచ్చినవాళ్లు కారు. ఖాతా బరువు వాళ్లను కాపాడకపోగా, ఆ బరువు చూసే అమ్మేవాడు వెతుక్కుంటూ వచ్చాడు. మరి మందేం వేశారు? 2020 అక్టోబరులో ఏటీ1 బాండ్ల కనీస మొత్తాన్ని కోటికి పెంచారు. రోగం అమ్మేవాడి నాలుక మీద ఉంటే కట్టు కొనేవాడి జేబుకు కట్టారు.

ఇక తాళం లేని తలుపు సంగతి. 10 లక్షల ఫండ్‌లో మేనేజర్ హెడ్జింగ్ లేకుండా డెరివేటివ్స్‌లో తీసుకోగల షార్ట్ పొజిషన్ 25 శాతం దాటకూడదు. నిపుణుడికి ఇంత కట్టడి పెట్టడం మంచిదే. అయితే నిపుణుడి గొడవే వద్దనుకుని, ఆ డెరివేటివ్స్‌లోని ఆప్షన్లనే సొంతంగా కొనుక్కోవడానికి మాత్రం చేతిలో ఫోనూ ఖాతాలో కొన్ని వందలూ ఉంటే చాలు. 2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ)లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని చెప్పింది కూడా సెబీయే. 2023-24లో ఆడినవాళ్లలో నూటికి 75 మందికి పైగా తమ వార్షికాదాయం 5 లక్షల లోపేనని రాసిచ్చినవారు. ఆ డబ్బేమీ గాలిలో కలిసిపోలేదు. 2023-24 ఒక్క ఏడాదిలోనే సంస్థ సొంత డబ్బుతో ఆడే ప్రొప్రైటరీ ట్రేడర్లు 33,000 కోట్లు, విదేశీ సంస్థలు 28,000 కోట్లు స్థూలంగా లాభపడ్డారు. మూడేళ్లలో చిన్న ట్రేడర్లు ఖర్చుల కింద కట్టిన 50,000 కోట్లలో సగం బ్రోకర్లకు, ఐదో వంతు ఎక్స్ఛేంజీలకు ముట్టింది. కేంద్రం కూడా తన ఆందోళనను 2024 అక్టోబరులో లావాదేవీల పన్ను ఎస్‌టీటీ పెంచి వ్యక్తం చేసింది. హెచ్చరిక లేదనడానికి వీల్లేదు. యాప్ తెరవగానే పది మందిలో తొమ్మిది మంది నష్టపోతారని ఒక పెట్టె కనిపిస్తుంది. కింద బటన్ ఉంటుంది. నొక్కితే పెట్టె పోయి మార్కెట్ వస్తుంది. చదివినవాళ్లందరికీ ఆ పదో మనిషి తామేనని అర్థమవుతుంది.

నా డబ్బు నా ఇష్టం అనేవారున్నారు. నిజమే. కానీ ఎదురుగా అల్గారిథమ్ కూర్చుని ఉన్న ఆటలో ఇష్టం ఒకవైపే ఉంటుంది. ఇక్కడ తలుపు మూస్తే జనం ఎక్స్ఛేంజీల బయట దొంగచాటుగా సాగే డబ్బా ట్రేడింగ్‌కో దొంగ యాప్‌లకో పోతారన్న వాదనకు కొంత బలం ఉంది. అందుకే మూయడం కాక, హద్దు పెట్టడం మేలు. అయినా డిపాజిటర్లను ముంచిన అగ్రిగోల్డ్‌లో 32 లక్షల మంది 6,380 కోట్లు పెట్టింది సెబీ తలుపులు మూసిందని కాదు, ఏజెంటు తెలిసినవాడై ఇంటికే వచ్చాడని. సెబీ ఊరుకోలేదు కదా, 2024 నవంబరు నుంచి కాంట్రాక్ట్ కనీస విలువను 15 లక్షలకు పెంచింది కదా అంటారా? పెంచింది, మళ్లీ జేబు కొలతే. ట్రేడర్ల సంఖ్య కొంత తగ్గిన మాటా నిజమే. ఆ మార్పులు నాలుగు నెలలే అమల్లో ఉన్న 2024-25 మొత్తాన్ని వాటికి అంటగట్టడం న్యాయం కాదు గానీ, ఆ ఏడాది వ్యక్తుల నికర నష్టం 1,05,603 కోట్లు.

కోటి లేని లెక్చరర్‌కు ఒక చిన్న పరీక్ష పెట్టి లోపలికి రానివ్వండి. ఫండ్లు అమ్మే ఏజెంటుకు పరీక్ష పెట్టినప్పుడు కొనేవాడికి పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఎఫ్ అండ్ ఓ ఖాతా తెరవాలంటే బ్రోకరు ఇప్పటికే జీతం చీటీనో ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటునో తీసుకుంటున్నాడు. తీసుకుని దాచిపెడుతున్నాడు. ఆ ఆదాయంలో ఏడాదికి ఇంత శాతం పోగానే ఖాతా ఆగిపోయేలా ఒక్క నిబంధన రాయండి. సెబీ వారికి మా మనవి: కొత్త కాగితాలేవీ అడగనక్కర్లేదు, ఉన్నవి చదవండి.