మోసపోవడానికి వంద రూపాయలు

ఆదివారం ఆరాధన అయ్యాక హైదరాబాద్‌లో అబిడ్స్ గన్‌ఫౌండ్రీ నుంచి చాపెల్ రోడ్డు మీదుగా నాంపల్లి స్టేషన్‌కు నడిస్తే అరగంట కూడా పట్టదు. ఆ కాస్త దూరంలోనే ఎన్నో చేతులు మన ముందుకు వస్తాయి. పాములా వివేకంగా, పావురంలా నిష్కపటంగా ఉండమని ప్రభువు శిష్యులకు చెప్పిన మాట మత్తయి పదో అధ్యాయంలో ఉంది. మనమేమో పామును ఎదుటి మనిషి మీదికి వదిలి, పావురాన్ని మనకోసం దాచుకుంటున్నాం. వివేకం మన జేబు మీద చూపాలి, దయ మనిషి మీద చూపాలి. కింది సలహాలు తలకిందులుగా కనిపిస్తాయి. పాటించి చూశాకే చెబుతున్నాను.

1. మోసపోవడానికి డబ్బు పక్కన పెట్టండి.
ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే పది రూపాయల నోట్లు పది చొక్కా జేబులో వేసుకోండి. దారిలో పర్సు తీయకండి. లెక్కలు, అనుమానాలు అన్నీ ఆ నోట్లు ఎంచేటప్పుడే తీరిపోవాలి. చెయ్యి చాచినాయనకు నిజంగా చూపు లేదా అని తేల్చే పని ఇక మీది కాదు. జేబు ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే.

2. కథ అడక్కండి.
"పర్సు పోయింది సార్, కాజీపేట పోవాలె" అని స్టేషన్ బయట ఒకాయన నన్ను ఆపాడు. ఇదివరకైతే ఊరు, పేరు, ఆధార్ అంటూ గుచ్చి గుచ్చి అడిగేవాణ్ణి. ఆ రోజు "రా అన్నా, టికెట్ తీసుకుందాం" అన్నాను. క్యూలో నా వెనక నిలబడ్డాడు. కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి లేడు. ఇంకో వారం మరొకాయనకూ అదే మాట చెప్పాను. ఆయన టికెట్ అందుకుని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకుని, రైలు ఎన్నింటికని అడిగాడు. ప్రశ్నలు వేసి ఉంటే మొదటాయన చేత అబద్ధాలాడించేవాణ్ణి, రెండో ఆయన్ని అవమానించేవాణ్ణి.

3. పొట్లం చేతిలో పెట్టి పోకండి, కలిసి తినండి.
జీహెచ్ఎంసీ, హరేకృష్ణ మూవ్‌మెంట్ కలిసి ఐదు రూపాయల భోజనం మొదలుపెట్టింది 2014లో, నాంపల్లిలోనే. అలాంటి చోట వరసలో మీరూ నిలబడండి. పరాయి మతంవాళ్ల వంట అని సంకోచం వద్దు. ప్రభువు చెప్పిన ఉపమానంలో మంచి సమరయుడు కూడా యూదులకు పరాయివాడే.

4. మధ్యలో వదిలి వెళ్లండి.
ఆ సమరయుడు గాయపడ్డవాణ్ణి సత్రానికి చేర్చి, ఆ రాత్రి చూసుకుని, మర్నాడు రెండు దేనారాలిచ్చి తన దారిన వెళ్లాడు. రెండు రోజుల కూలి అది. ఎక్కువైతే తిరిగొచ్చి ఇస్తానన్నాడు. ప్రయాణం మానుకోలేదు, మనిషినీ మరిచిపోలేదు. జిల్లాల నుంచి పసిబిడ్డతో నీలోఫర్ ఆసుపత్రికి వచ్చినవాళ్లు దారి తెలియక తిరుగుతుంటే ఓపీ దాకా తీసుకెళ్లి, మీ పని మీద మీరు వెళ్లండి. మర్నాడు సాయంత్రం మాత్రం తప్పకుండా మళ్లీ వెళ్లి పలకరించండి.

5. సంఘంలో ఎవరికీ పూచీ సంతకం పెట్టకండి.
సామెతల గ్రంథం దీని గురించి పదే పదే హెచ్చరిస్తుంది. నేను వినలేదు. ఒక బ్రదర్ కోసం సంతకం చేసి పదకొండు వాయిదాలు కట్టాను. డబ్బు పోతే పోయింది, ఆయన నాకు వందనాలు చెప్పడం మానేశాడు. అదే ఇప్పటికీ బాధ. తిరిగి రాకపోయినా పరవాలేదనుకున్నంతే ఇవ్వండి. అంతకు మించితే ముఖంలోకి చూసి, "నా వల్ల కాదు తమ్ముడూ" అని మెత్తగా చెప్పండి.

6. నోట్లు మిగిలితే సంతోషించకండి.
2017 నవంబరులో నగరంలో అంతర్జాతీయ సదస్సు జరిగింది. దానికి ముందే భిక్షాటనను నిషేధించి, రోడ్ల మీది వాళ్లను జైలు ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. తర్వాత జైళ్ల శాఖ, బిచ్చగాళ్ల ఆచూకీ చెబితే 500 రూపాయలిస్తామని ప్రకటించింది. ఆ వారాల్లో నా పది నోట్లూ అలాగే ఇంటికి తిరిగొచ్చాయి. వంద రూపాయలు ఆదా అయ్యాయని ఒక్క ఆదివారం కూడా అనిపించలేదు.