విమానం ఎక్కని ప్రపంచజ్ఞానం

విదేశాలు తిరిగితేనే ప్రపంచదృష్టి, అనగా దూరదేశపు సంగతికీ సొంత ఊరి బతుకుకూ గల లంకెను పసిగట్టే చూపు, అలవడుతుందని అధ్యయన యాత్రలకు బయలుదేరే పెద్దలు సెలవిస్తుంటారు. అయితే 2022లో భౌగోళిక గుర్తింపు, అనగా ఒక ప్రాంతపు సరుకు పేరుకు చట్టమిచ్చే రక్షణ, పొందిన తాండూరు కందిని పండించే రైతుకు, మొజాంబిక్, మయన్మార్ కందులు సుంకం లేకుండా ఓడ దిగితే మార్కెట్ యార్డులో తన ధర ఏమవుతుందో పాస్‌పోర్టు లేకుండానే తెలుసు. తాండూరు ఉన్న, సముద్రమే లేని వికారాబాద్ జిల్లాలో, దామగుండం అడవిలో, జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి 2024లో శంకుస్థాపన జరగడంతో మహాసముద్రాలే ఊరి పొలిమేరకు వచ్చాయి. కనుక యాత్రాభత్యం మంజూరు చేసేముందు పెద్దలను ఒకపూట తాండూరు యార్డులో కూర్చోబెట్టడం ఖజానాకు పొదుపు, వారికి చదువు.