చివరి తూమే ముందు మాట్లాడాలి
(కాలువ గ్రూపులు నడిపేవారికి ఏడు తలకిందుల సలహాలు)

నిజాంసాగర్ ప్రధాన కాలువ పొడవు 155 కిలోమీటర్లు. నీళ్లు గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచినా చివరిదాకా పోయేసరికి ఒకటిన్నర రోజు దాటుతుంది. ‘నీళ్లు వదిలాం’ అన్న వాట్సాప్ మెసేజ్ మాత్రం రెప్పపాటులో చేరుతుంది. మెసేజ్ చేరగానే పని అయిపోయిందనుకుంటాం. చివరి ఆయకట్టు రైతు పంట ఎండబెట్టుకుంటున్నది అక్కడే.

ఇంజనీర్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు, లష్కర్లు, రైతులు కలిసి కాలువ నడపాలంటే ఈ రోజుల్లో ఫోన్ లేనిదే కుదరదు. కానీ ఫోన్‌ను వాడే తీరు కాలువే నేర్పాలి. కింద రాసినవి ఆఫీసు పద్ధతులకు పూర్తిగా ఎదురు పోతాయి. వినగానే తప్పుడు సలహాల్లా తోస్తాయి. ఒక్క యాసంగి పాటించి చూడండి.

1. పైవాళ్లు ముందు మాట్లాడొద్దు
డ్యాం దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది పొద్దున్నే గ్రూపులో పెట్టకండి. ఆ అంకె ముందు పడితే కిందివాడు ‘మా దగ్గర నీళ్లు లేవు’ అనడానికి జంకుతాడు. మొదటి మాట చివరి తూము నుంచి రావాలి. అక్కడ గేజీ ఎంత చూపిస్తోంది? ఆఖరి మడి తడిసిందా? ఆ జవాబు వచ్చాక ఒక్కో డిస్ట్రిబ్యూటరీ పైకి వస్తూ చెప్పాలి. అందరి తర్వాత డ్యాం దగ్గరివాళ్లు అంకె చెప్పాలి.

2. అందరినీ ఒకే గ్రూపులో వేయొద్దు
వాట్సాప్ ఒక్కో గ్రూపులో 1,024 మందిని చేరనిస్తుంది. ఆ సౌకర్యం మనకొద్దు. ఒక కాలువ మీద నా కళ్లతో చూశాను. రాత్రిపూట షట్టర్ దించమని పెద్ద గ్రూపులో మెసేజ్ పెట్టారు. నలభై మంది చూశారు. పక్కవాడు దించుతాడులే అని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. తెల్లారేసరికి గట్టుకు గండి పడి, కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. ఆ రైతు ముఖం నాకింకా గుర్తుంది. డిస్ట్రిబ్యూటరీకి ఒక గ్రూపు చాలు, అందులో పదిమంది చాలు. షట్టర్ తాళం ఎవరి దగ్గరుందో ఆ మనిషిని పేరుపెట్టి అడగండి.

3. ‘ఓకే సార్’ బంద్ పెట్టండి
బొటనవేలు బొమ్మ మర్యాదే గాని, దాంతో షట్టర్ దిగదు. జవాబు అంకెతోనే రావాలి. ‘నాలుగున్నరకు షట్టర్ దించాను, ఇప్పుడు గేజీ రెండడుగులు’ అని రాయాలంటే మనిషి గట్టు మీదికి పోక తప్పదు. పైఅధికారికి దండం పెట్టలేదని ఎవరినీ తప్పుపట్టకండి.

4. గ్రూపును వారానికోసారి ఖాళీ చేయండి
నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ చీఫ్ ఇంజనీరుగా, మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం మొదట్లో 29.7 టీఎంసీలు పట్టేది. పూడిక వల్ల 17.8కి పడిపోయింది. గ్రూపుకూ అదే గతి. శుభోదయాలు, పండుగ బొమ్మలు, సన్మానం ఫొటోలు పేరుకుపోయి గేజీ అంకె అడుగున పడుతుంది. జలాశయం పూడిక తీయడం మన చేతిలో లేదు, గ్రూపు పూడిక తీయడం మన చేతిలోనే ఉంది. ప్రతి ఆదివారం అంకెలన్నీ రిజిస్టర్‌లోకి ఎక్కించి, మిగతాదంతా తుడిచేయండి.

5. లష్కర్‌కు యాప్ కంటే ముందు నోటుపుస్తకం ఇవ్వండి
వానలో, బురద చేతులతో, సిగ్నల్ లేనిచోట నిలబడేది అతనే. ఏ తూము ఏ రాత్రి ఎవరు తెరుస్తారో, గట్టు ఎక్కడ చెమ్మగిల్లుతుందో అతనికి తెలిసినంత మరెవరికీ తెలియదు. అది అతని చేతిరాతలోనే ఉండనివ్వండి. సిగ్నల్ దొరికినచోట ఆ పేజీ ఫొటో తీసి పంపితే సరిపోతుంది. నింపడానికి పాతిక గడులిచ్చి అతణ్ని గుమాస్తాను చేయకండి.

6. సరైన మార్గం వదిలేసి నేరుగా మాట్లాడండి
2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. డ్యాం, బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి వచ్చాయి. వర్ని, బోధన్ నిజామాబాద్‌లో ఉండిపోయాయి. కాలువ మాత్రం ఒక్కటే. కింది లష్కర్ మాట తన ఆఫీసు మెట్లెక్కి, పక్క ఆఫీసు మెట్లు దిగి, పై లష్కర్‌ను చేరేలోపు మడి నెర్రెలిస్తుంది. హద్దుకు ఇటూ అటూ ఉన్న ఇద్దరూ ఒకే గ్రూపులో ఉండాలి. ముందు వాళ్లు మాట్లాడుకోనివ్వండి, ఆఫీసులకు తర్వాత తెలియనివ్వండి. వరద రాత్రి మెసేజ్‌ను అసలు నమ్మకండి. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు కురిసిన కుండపోత మళ్లీ రాదన్న భరోసా లేదు. అలాంటప్పుడు ఫోన్ చేసి గొంతు వినండి. లష్కర్ ఎత్తకపోతే అతని వాడలో ఇంకొకరికి చేసి, మనిషిని లేపించండి.

7. తైబందీ మీటింగు చివరి తూము దగ్గర పెట్టండి
1997 చట్టం నీటి సంఘాలతో రైతును కాలువ యాజమాన్యంలోకి తెచ్చింది. అయినా ఏ పంటకు ఎన్ని తడులు, ఏ రోజు ఎవరి వంతు అన్న తైబందీ లెక్క ఏసీ గదుల్లో, తెరల మీద తేలిపోతోంది. ఆ తెర తీసేయండి. తైబందీ వేసే ముందు అందరూ బండ్లెక్కి ఆఖరి తూము దాకా రండి. దారిలో పడిపోయిన గట్లు, తుప్పుపట్టిన షట్టర్లు, తుంగ కమ్మిన పిల్లకాలువలు మీరే చూస్తారు. అక్కడి రైతు ఎన్ని తడులు అందితే నాట్లేస్తానంటాడో ముందు అది రాసుకోండి. ఆ అంకె పట్టుకుని ఒక్కో తూము లెక్కేస్తూ డ్యాం దాకా వెనక్కి పోండి. చివరికి వచ్చిన మొత్తం నీళ్లు చాలకపోతే, ఆ మాట నాట్లకు ముందే అతని ముఖం చూసి చెప్పండి. గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోకండి.